చెల్లని మూడు రోజులు

కవరు చింపగానే గదంతా కుళ్ళు కంపు కొట్టింది.

నెరిస్ కుర్చీ వెనక్కి తోసి, మోచేత్తో ముక్కు మూసుకుని, వెళ్ళి కిటికీ తెరిచింది. కవరులో ఉన్నది నడుముకు కట్టుకునే సాగే బెల్టు, దానికి తగిలించిన అగ్గిపెట్టెంత యంత్రం. అలాంటివి రెండేళ్ళలో ఆమె చేతుల మీదుగా దాదాపు వంద పోయాయి. చెమట వాసనతో వచ్చేవి, సిగరెట్ల వాసనతో వచ్చేవి, వాంతి మరకలతో వచ్చేవి అన్నీ చూసింది. ఇలాంటిది మాత్రం ఎప్పుడూ రాలేదు. బెల్టు పొడుగునా ఏదో నల్లటి జిగురు ఎండి అట్టకట్టింది.

కవరు మీద పేరు చదివింది. విస్తిన్ బజాడా, డెబ్భై ఆరేళ్ళు. మాల్టా నుంచి కుర్రతనంలో ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చి, గిప్స్‌ల్యాండ్‌లోని పవర్ స్టేషన్‌లో బతుకంతా పనిచేసినవాడు. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్. నెమ్మదైన మనిషి, ఫోన్లో ఎప్పుడూ 'థాంక్యూ' రెండుసార్లు చెప్పేవాడు.

ఆమెకు మొదట వచ్చిన ఆలోచన, ఆయన మంచాన పడి ఒళ్ళు పుండ్లు పడి ఉంటాడని. ఆ జిగురు ఆయన ఒంటిదే అనుకుంది. పదకొండేళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా రోగుల వీపులు తడుతూ, కఫం గిన్నెలు పట్టుకుంటూ బతికిన మనిషికి ఒక ముసలాయన బెల్టు చూసి డోకు రావడం ఆమెకే సిగ్గనిపించింది. చేతులకు తొడుగులు వేసుకుని, యంత్రాన్ని స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచి, కంప్యూటర్‌కి తగిలించింది.

తెర మీద అంకె చూసి ఆమె కంపు మాట మరిచిపోయింది. రోజుకు సగటున పదకొండు వేల రెండు వందల అడుగులు.

యారన్‌బ్రూక్ ఆసుపత్రిలో నెరిస్ చేస్తున్న పని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళు రోజుకు ఎంత కదులుతున్నారో కొలవడం. ముప్ఫై ఎనిమిది మంది రోగులు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి దాంతో పాటు ప్రతి గురువారం ఆమె ఫోను. ఎంత నడిచారు, వచ్చే వారం ఎంత నడుస్తారు అని అడగడం, ఉత్సాహపరచడం. అందరికీ మొదట్లో ఒకసారి, రెండో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి వారం రోజుల పాటు బెల్టు కట్టి చూస్తారు. విస్తిన్ ఫోను గుంపులో మనిషి. మొదటి వారం ఆయన సగటు పంతొమ్మిది వందలు. రెండోసారి పదకొండు వందల నలభై. ఇప్పుడు ఆరో నెలలో, మందు పనిచేయక ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్నాక, పదకొండు వేలు.

ఫోను చేసింది. ఎత్తింది ఆయన అక్క కొన్సీలియా. ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉంటోంది.

"బతికే ఉన్నాడు. నీకేం కావాలి?" అంది.

"ఒకసారి వచ్చి చూసి వెళ్తానండీ."

"రా. వస్తూ రొట్టె పట్రా. ఇక్కడ కొట్లో నిన్నటిదే అమ్ముతున్నాడు."

నెరిస్ రొట్టె కొనుక్కుని వెళ్ళేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ వంటింట్లో ఉన్నారు. విస్తిన్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముక్కులో గొట్టం, పక్కన యంత్రం బుసకొడుతోంది. గడ్డం చేసుకున్నాడు, చొక్కా ఉతికినది వేసుకున్నాడు. పుండ్లు లేవు, వాసన లేదు. ఆమెను చూసి లేవబోయి, సగం లేచి, బల్ల పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆ సగం లేవడానికే ఆయన పెదాలు నీలంగా మారాయి.

"విస్తిన్ గారూ, మీ అంకెలు చూశాను. చాలా ఎక్కువ వచ్చాయి," అంది నెరిస్.

ఆయన బల్ల మీది గుడ్డ అంచు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఎంతొచ్చాయేంటి?" అంది కొన్సీలియా, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే.

"రోజుకు పదకొండు వేలు."

"అంతేనా? అది ఇంకా ఎక్కువే తిరుగుతుందనుకున్నానే."

"అక్కా," అన్నాడు విస్తిన్.

"ఏంట్రా అక్కా? ఆ అమ్మాయి అంత దూరం నుంచి వచ్చింది. చెప్పు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అప్పుడే పెరటి తలుపు నెట్టుకుని గోధుమరంగు కెల్పీ కుక్క లోపలికొచ్చింది. దాని వెంట వంటింట్లోకి వచ్చిన కంపు నెరిస్ వెంటనే గుర్తుపట్టింది.

"రెండుసార్లు సబ్బు పెట్టి కడిగాను," అంది కొన్సీలియా. "చెట్ల మీద తిరిగే పోసమ్ ఒకటి కంచె కింద చచ్చి పడుంటే దాని మీద పడి దొర్లింది. నీ బెల్టు కూడా దొర్లింది. అందుకే వాసన. బిండీ, అవతలికి పో."

నెరిస్‌కి ముందు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. విస్తిన్ నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కట్టమని చెప్పింది నేనే," అంది కొన్సీలియా. "ఏం, జైల్లో పెడతారా నన్ను?"

"ఎందుకండీ ఇలా చేశారు?" నెరిస్ ఆయన్నే అడిగింది.

ఆయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "గురువారం వచ్చిందంటే నాకు భయం అమ్మాయ్. నువ్వు ఫోన్ చేస్తావు. ఎంత నడిచారంటావు. నేను చెప్తాను. అప్పుడు నువ్వు 'పర్లేదండీ' అంటావు. ఆ పర్లేదు అనేముందు కాస్త ఆగుతావు చూడు. అది నాకు వినబడేది."

"నేను... అలా అనుకోలేదు."

"నువ్వు మంచిదానివే. కోపంగా ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఇరవై ఆరేళ్ళు బాయిలర్లలో దూరి బూడిద గోకాను. మా మేస్త్రీ ఒకడుండేవాడు. రోజూ సాయంత్రం వచ్చి, ఇంకాస్త చెయ్యొచ్చు బజాడా, అనేవాడు. ఇప్పుడు ఫోన్లో నువ్వూ అదే అంటావు. కాకపోతే తియ్యగా అంటావు."

కొన్సీలియా గరిటె పక్కన పెట్టింది. "ఫోన్ పెట్టేశాక వీడు ఏం చేసేవాడో తెలుసా నీకు? బూట్లు తొడుక్కుని వీధి చివరిదాకా పోయేవాడు. తిరిగి రాలేక ఎవరిదో ప్రహరీ మీద కూర్చునేవాడు. నేను బండి తీసుకెళ్ళి ఎక్కించుకొచ్చేదాన్ని. రెండోసారి నోట్లోంచి రక్తం పడింది. అప్పుడు చెప్పాను, కుక్కకి కట్టరా అని. అది ఎలాగూ తిరుగుతుంది కదా."

నెరిస్ దగ్గర ఫోను కోసం ఒక అట్ట ఉండేది. ముందు మెచ్చుకోవాలి, తర్వాత అడగాలి, తక్కువ నడిచినా నిరాశ చూపకూడదు, చివర్లో కొత్త లక్ష్యం పెట్టాలి అని అందులో రాసి ఉంటుంది. దాన్ని చూసుకుంటూ మాట్లాడేది. ఇప్పుడు ఆ వంటింట్లో కూర్చుని తన గొంతు తనకే వినబడుతుంటే, ఆ తీపి గొంతు మీద ఆమెకు రోత పుట్టింది. మిగిలిన వాళ్ళు కూడా జ్ఞాపకం వచ్చారు. అంకెలు బాగా పెరిగాయని తను సంబరపడ్డ వాళ్ళలో ఎంతమంది ఎవరి నడుముకి కట్టారో, ఎంతమంది ప్రహరీ గోడల మీద కూర్చుని రొప్పారో.

"ఇది నేను పైవాళ్ళకి చెప్పాలండీ," అంది.

"చెప్పు," అన్నాడు విస్తిన్. "నాకూ నిద్ర పట్టడం లేదు."

పైవాడంటే డాక్టర్ ఫెర్గస్ కాంప్టన్. ఈ పరిశోధన ఆయనది. నెరిస్ వెళ్ళేసరికి బల్ల దగ్గరే మాంసం కూరిన 'పై' రొట్టె తింటున్నాడు. ఆమె చెప్పింది విని తల వెనక్కి వేసి చాలాసేపు నవ్వాడు. నవ్వుతుంటే నోట్లో నలిగిన ముద్ద కనబడింది. చూపు తిప్పుకుంది.

"కుక్కా. అద్భుతం. ఎవరికీ చెప్పకు, ఈ కథ అందరికీ నేనే చెప్పుకోవాలి," అన్నాడు.

"ఆ వారం తీసేయాలి కదా."

ఆయన వేలు నాకి, చేతిగుడ్డతో తుడుచుకున్నాడు. "ఎందుకు తీసేయాలి?"

"ఎందుకేంటి? అది ఆయన నడక కాదు."

"చూడు నెరిస్. మనం మొదలుపెట్టేముందే నియమాలు రాసుకున్నాం. కనీసం నాలుగు రోజులు, రోజుకు పది గంటలు కట్టుకుంటే ఆ కొలత చెల్లుతుంది. ఆయన కొలత ఏడు రోజులుంది, రోజుకు పద్నాలుగు గంటలుంది. అంకె మనకి నచ్చలేదని తీసేస్తే దాన్నే పక్షపాతం అంటారు. ఇది నీకు నేను చెప్పాలా?"

"నచ్చకపోవడం కాదండీ. అది కుక్క."

"మన ఫారంలో కుక్క అనే గడి లేదు." మళ్ళీ నవ్వొచ్చింది ఆయనకి. "అయినా ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కడు. ఫోను గుంపు సగటు ఇప్పుడిప్పుడే పైకి లేస్తోంది. ఆయన్ని తీసేస్తే మళ్ళీ రెండు గుంపులూ ఒకటే అవుతాయి. రెండేళ్ళ కష్టం నీది కూడా."

ఆయన మాటల్లో అబద్ధమంటూ లేదు. అదే ఆమెకు మరీ వెగటు పుట్టించింది. తప్పుడు మనిషి తప్పుడు మాట మాట్లాడితే ఎదురు చెప్పొచ్చు. ఈయన శుభ్రంగా నియమాల పుస్తకం తెరిచి, దాంట్లోంచే చదువుతున్నాడు. మాంసం గుజ్జు గోధుమరంగులో ఆయన పెదవి మూల ఎండిపోతోంది. ఆయనకి తెలియదు, ఆమె చెప్పలేదు.

"సరే, నీ మనసు ఊరుకోకపోతే ఇంకో బెల్టు కట్టు," అన్నాడు ఆయన చివరికి. "చెల్లే వారం ఒకటి తీసుకురా, పాతది మార్చేస్తాను. మాటిస్తున్నాను."

నెరిస్ ఆ మాట పట్టుకుని బయటికొచ్చింది. పైకి ఫిర్యాదు రాయాల్సింది అప్పుడేనని ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మాట దొరికిందని కాస్త తేలికపడింది.

సోమవారం సాయంత్రం కొత్త బెల్టు పట్టుకెళ్ళింది. విస్తిన్ అప్పటికి మంచం వంటింటి పక్క గదిలోకి మార్పించుకున్నాడు. సంగతి చెబితే, వెంటనే చొక్కా పైకెత్తి చేతులు పక్కకి చాపాడు, కుట్టుపనివాడి ముందు నిలబడ్డట్టు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పాత బెల్టు ఏ రంధ్రం దగ్గర బిగిసేదో కొత్తది దానికి నాలుగు రంధ్రాల లోపలికి పోయింది.

"ఈసారి ఏమీ నడవక్కర్లేదండీ. మీరు మామూలుగా ఎలా ఉంటారో అలా ఉండండి," అంది నెరిస్.

"తక్కువొస్తుంది."

"రానివ్వండి."

"పర్లేదు అనవా?"

"అనను."

ఆయన మొదటిసారి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. కొన్సీలియా గిన్నె పట్టుకుంది. దాంట్లో పడింది తుప్పు నీళ్ళ రంగులో ఉంది. నెరిస్ చూసింది, ఆమెకు ఏమీ అనిపించలేదు. ఆ గదిలో ఏదీ ఆమెకు అసహ్యంగా లేదు.

"ఉన్నదున్నట్టు రాసుకో అమ్మాయ్," అన్నాడు ఆయన ఊపిరి కుదుటపడ్డాక. "నా పేరు మీద ఆ ముండ పోసమ్ మీద దొర్లిన వారం ఉండకూడదు."

బెల్టుతో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఎన్నింటికి కట్టారు, ఎన్నింటికి విప్పారు అని రాయడానికి. దాన్ని కొన్సీలియా తీసుకుంది.

శుక్రవారం తెల్లారుతుండగా విస్తిన్ పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు, ఆయన వద్దన్నాడు.

నెరిస్ అంత్యక్రియలకు వెళ్ళి చర్చిలో చివరి వరసలో కూర్చుంది. కొన్సీలియా ఆమె వైపు చూసి తల ఊపింది, అంతే. ఆ తర్వాత వారం కొన్సీలియాయే బస్సెక్కి ఆసుపత్రికి వచ్చింది. నల్ల కోటు, చేతిలో రొట్టె సంచి. సంచిలోంచి బెల్టు తీసి బల్ల మీద పెట్టింది. ఉతికి, ఇస్త్రీ కూడా చేసింది. దాని మీద పుస్తకం పెట్టింది.

"మూడు రోజులే ఉంది," అంది. "వాడికి ఇంకా ఉంచుకోవాలనే ఉండింది."

తర్వాత కోటు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి విప్పింది. "ఇది కూడా మీదే. పాతిపెట్టిన రోజు పోస్టులో వచ్చింది. ఇంటినిండా జనం. వాళ్ళందరి ముందూ మా మేనకోడలు గట్టిగా చదివింది, సంతాపం అనుకుని."

అది ప్రశంసాపత్రం. 'అభినందనలు విస్తిన్. ఈ ఆరు నెలల్లో మీ గుంపులో అందరికంటే ఎక్కువ నడిచింది మీరే. ఇలాగే సాగిపోండి.' కింద రెండు ఊపిరితిత్తుల బొమ్మ. వాటికి కళ్ళు, నవ్వే నోరు, కాళ్ళకి పరుగు బూట్లు. ఆ పత్రాలు కంప్యూటర్ దానంతటదే పంపుతుంది. బొమ్మని ఎంచుకున్నది మాత్రం నెరిసే. రెండేళ్ళ కిందట నాలుగు బొమ్మలు చూపిస్తే ఇది ముద్దుగా ఉందని దీన్ని పెట్టమంది.

ఆమె ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. క్షమించమని అడగబోయింది.

"దానికి కూడా మీకు ముందే ఏదో రాసిచ్చుంటారు కదా, చదవకు," అంది కొన్సీలియా. "నేను బస్సుకి పోవాలి."

ఆవిడ వెళ్ళాక నెరిస్ యంత్రాన్ని తగిలించింది. మంగళవారం నాలుగు వందల పన్నెండు అడుగులు. బుధవారం మూడు వందల అరవై ఆరు. గురువారం తొంభై ఒకటి. పుస్తకం తెరిచింది. వేళలు రాయాల్సిన చిన్న గళ్ళని కొన్సీలియా పట్టించుకోలేదు. పేజీ అంచుల దాకా గుండ్రటి అక్షరాలతో నింపింది.

'మంగళవారం. ఏడింటికి లేచాడు. దగ్గాడు. కుర్చీలో కూర్చున్నాడు. తొమ్మిదింటికి దొడ్డికి వెళ్ళాడు. దూరం అన్నాడు. దూరం కాదు, పద్నాలుగు అడుగులు, నేను వేసి చూశాను. పదకొండింటికి టమాటాలు చూస్తానన్నాడు. వద్దన్నాను. వెళ్ళాడు. బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. నీళ్ళు సరిగ్గా పెట్టడం లేదని నన్ను తిట్టాడు. మధ్యలో ఆపి ఊపిరి తీసుకుని మళ్ళీ తిట్టాడు. ఒక టమాటా కోసుకుని వచ్చాడు. తినలేదు.

'బుధవారం. ఫాదర్ వచ్చాడు. ఆయన కోసం లేచి నిలబడ్డాడు. అక్కర్లేదంటే వినడు. ఫాదర్ వెళ్ళేదాకా నిలబడే ఉన్నాడు. ఫాదర్‌కి బుద్ధి లేదు, చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నాలుగు గంటలు పడుకున్నాడు. సాయంత్రం నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా. కుక్కతో మాట్లాడాడు, నాతో కాదు.

'గురువారం. మంచం. మంచం. కిటికీ దాకా వచ్చాడు. మంచం. బెల్టు జారిందని నా చేత సరి చేయించుకున్నాడు. అమ్మాయికి లెక్క తప్పుతుంది అన్నాడు. మంచం.'

నెరిస్ ఆ మూడు పేజీలు, అంకెలు పట్టుకుని కాంప్టన్ గదికి వెళ్ళింది. ఆయన అంకెలు చూశాడు. పుస్తకం తిరగేశాడు గాని చదవలేదు.

"మూడు రోజులే," అన్నాడు.

"ఆయన నాలుగో రోజు చచ్చిపోయాడు."

"బాధగానే ఉంది. కానీ నాలుగు ఉండాలి కదా. పైగా గురువారం బెల్టు ఎనిమిది గంటలే ఉంది. అంటే చెల్లేవి రెండు రోజులే."

"మరి కుక్కది?"

"అది చెల్లుతుంది," అన్నాడు కాంప్టన్. ఈసారి నవ్వలేదు. మంచి మాటే చెబుతున్నట్టు ముఖం పెట్టాడు. "నేను మాట తప్పడం లేదు నెరిస్. చెల్లే వారం తెస్తే మారుస్తానన్నాను. నువ్వు తేలేదు. అదీగాక, సదస్సులో పెట్టే పోస్టర్ అచ్చయిపోయింది."

పోస్టర్ గోడకి ఆనించి ఉంది. రెండు గీతలు. ఒకటి బల్లపరుపుగా ఉంది, ఇంకోటి చివర్లో పైకి లేచింది. ఆ లేచిన చోట ఏముందో నెరిస్‌కి తెలుసు. నాలుగు కాళ్ళు, ఒక తోక, కంచె కింద కుళ్ళిన కళేబరం. ఆ గీత కింద రచయితల వరసలో రెండో పేరు తనది.

బయటికొచ్చి చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా సబ్బు పెట్టుకుని ఇంకోసారి కడుక్కుంది. పక్కన చేతులు కడుక్కుంటున్న నర్సు ఏమైందని అడిగితే, ఏదో అంటుకుంది అని చెప్పింది.

ఆ వారంలోనే పరిశోధనల మీద నిఘా ఉంచే కమిటీకి మూడు పేజీల ఉత్తరం రాసింది. కుక్క సంగతి, కాంప్టన్ అన్న మాటలు, వీధి చివర ప్రహరీ, నోట్లోంచి రక్తం, ఫోన్లో తను మాట్లాడిన తీరు, అన్నీ. తన తప్పు తగ్గించి రాయలేదు. కమిటీ ఏడు నెలలు తీసుకుంది. రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ టీ బిస్కెట్లు పెట్టారు. ఒకాయన ఫైలులోంచి తలెత్తి అడిగాడు, "మీకు మొదటి రోజే తెలిసినప్పుడు మాకు మూడు వారాల తర్వాత ఎందుకు రాశారు?"

"మార్చేస్తానని మాటిచ్చారని."

"ఆ మాట రాతపూర్వకంగా ఉందా?"

లేదు. ఆయన అది రాసుకున్నాడు. ప్రహరీ గురించి, రక్తం గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. చివరికి తీర్పు వచ్చింది. విస్తిన్ బజాడా ఆరో నెల కొలతని లెక్కలోంచి తీసేయాలి. డాక్టర్ కాంప్టన్‌కి ఒక సలహా పత్రం. రోగులకిచ్చే సూచనల్లో కొత్త వాక్యం ఒకటి చేర్చాలి: 'ఈ యంత్రాన్ని పెంపుడు జంతువులకు కట్టరాదు.'

పత్రికలో వ్యాసం ముప్ఫై ఏడు మందితో అచ్చయింది. తేడా చిన్నదైనా ఆశాజనకంగా ఉందని రాశారు. నెరిస్ తన పేరు తీసేయమని రెండుసార్లు రాసింది, మూడోసారి రాస్తే తీసేశారు. అప్పటికే ఆమె పరిశోధన వదిలేసి మళ్ళీ వార్డులో పనికి చేరింది. గురువారం ఫోన్లు ఇప్పుడు కొత్త రోగులకి వేరే అమ్మాయి చేస్తోంది. ఒకరోజు ఆ గది ముందు నుంచి పోతుంటే తెరిచిన తలుపులోంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది. కాస్త ఆగి, "పర్లేదండీ," అంది. నెరిస్‌కి నోట్లో చేదు ఊరింది.

తీర్పు సంగతి కొన్సీలియాకి స్వయంగా చెప్పాలని అక్టోబరులో ఒక ఆదివారం వెళ్ళింది. ఆవిడ వంటింటి బల్ల మీద ఈ సీజన్ చివరి కాలీఫ్లవర్లు నాలుగు పెట్టుకుని కూర్చుని ఉంది. నెరిస్ చెబుతుంటే చెయ్యి ఆపకుండా ఆకులు విరుస్తోంది.

"అయితే కుక్కని తీసేశారు."

"తీసేశారండీ."

"మా తమ్ముణ్ణి పెట్టారా మరి?"

"లేదు. మూడు రోజులు సరిపోవన్నారు."

కొన్సీలియా ఆకులన్నీ పక్కకి తోసింది. "అంటే వాడు మీ లెక్కల్లో ఎక్కడా లేడన్నమాట. ఆరు నెలలు గురువారం గురువారం బూట్లేసుకుని ఫోను పక్కన కూర్చున్నాడు కదా, అదంతా?"

"లేదమ్మా. ఎక్కడా లేదు."

ఆవిడ ఏడవలేదు. మూతి ఒకవైపుకి వంకర పెట్టి, పుచ్చిన గింజ కొరికినట్టు ముఖం పెట్టి, కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

"థూ," అంది చివరికి, మెల్లగా.

"నేను మొదటి రోజే రాసి ఉంటే..."

"రాసి ఉంటే ఏం చేసేవాళ్ళు? ముందే తీసేసేవాళ్ళు, అంతేగా." కొన్సీలియా ఇంకో కత్తి తీసి ఆమె ముందుకి జరిపింది. "నువ్వు మంచిదానివని వాడు అనేవాడు. నేను ఎప్పుడూ అనలేదు. ఊరికే కూర్చోకు, ఆ పువ్వు తరుగు. రెండుగా కొయ్యకు, ముక్కలు విడదియ్యి. లోపల చూసుకో."

నెరిస్ విడదీసింది. కాడల మధ్య సన్నటి ఆకుపచ్చ పురుగులు ముడుచుకుని ఉన్నాయి, అరడజనుకి పైనే. ఆమె ఒక్కొక్కదాన్నీ కత్తి మొనతో తీసి పళ్ళెం అంచున పెట్టింది. కొన్సీలియా అడక్కుండానే పళ్ళెం అందుకుని, పెరటి తలుపు తీసి, వాటిని బయట దులిపి వచ్చి, మళ్ళీ ఆమె ముందు పెట్టింది.

"ఇంకా ఉంటాయి," అంది. "బాగా చూడు."